చెవి తమ్మె తాకితేనే

బస్సు కొండదారి సగం ఎక్కి, ముందున్న సిమెంటు లారీ వెనక చిక్కుకుని, మూలుగుతూ నిలబడిపోయిన చోట కండక్టరుకి ఒక ధర్మసందేహం వచ్చింది. మూడో వరసలో కిటికీ పక్కన, నడుముకి బెల్టు కట్టించుకుని, భుజాల మీద పసుపుపచ్చ వానకోటు కప్పుకుని కూర్చున్న ఆ తెల్లటి శాల్తీ ప్రయాణికుడా, సామానా? ప్రయాణికుడైతే సరే, సామానైతే మాత్రం సీటు ఖాళీ చేయించి టాపు మీదికి ఎక్కించాలి. దానికి గుండ్రటి మొహం ఉంది. మొహంలో రెండు కళ్ళున్నాయి. కళ్ళల్లో కాస్త వెలుగు కూడా ఉంది. కండక్టరు వంగి దాని మొహంలోకి చూసి, రెప్ప వేస్తే మనిషిలెక్క, వెయ్యకపోతే మూటలెక్క అని తీర్పు చెప్పాడు. అది తాపీగా రెప్ప వేసింది. బస్సు బస్సంతా నవ్వింది.

వెనక సీట్లో ఒళ్ళో వైర్ల సంచీ పెట్టుకుని కూర్చున్న మెకానిక్కు అమ్మాయి లేచి, దానికి టిక్కెట్టు ఎప్పుడో తీసుకున్నానని చూపించింది. జ్ఞాపకం తప్పిన పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడే యంత్రమట. కొండమీద ఆశ్రమంలో దింపి, అక్కడివాళ్ళకి అలవాటయ్యేదాకా చూసి రావాలట. మరి ఆపేసి తీసుకుపోవచ్చుగా అని ఎవరో అంటే, ఆపేస్తే మెడ వాల్చేస్తుందని, కిందటిసారి ఒకావిడ పిల్లాడు సొమ్మసిల్లాడనుకుని మొహాన నీళ్ళు కొట్టిందని, ఆ నీళ్ళు తుడవడానికి తన ప్రాణం పోయిందని చెప్పింది.

దాని పక్క సీటొక్కటే ఖాళీగా ఉంది. మనుషులు సింహం బోను పక్కనైనా నిలబడతారు గానీ, తమకి తెలియని దాని పక్కన కూర్చోవడానికి జంకుతారు. అందుకే అందరూ కమ్మీలు పట్టుకుని వేలాడుతున్నారు. ఆ వేలాడేవాళ్ళలోంచి ఒక పెద్దాయన, చంకలో కర్ర, చేతిలో గుడ్డసంచీ, మెడలో మఫ్లరు, "కాస్త జరుగు బాబూ" అంటూ వచ్చి దాని పక్కన కూలబడ్డాడు. ఆ దారిలో తిరిగేవాళ్ళందరికీ ఆయన తెలుసు. అందరూ చాటు మాస్టారంటారు. అసలు పేరు ఆయనకీ, పెన్షను ఆఫీసుకీ తప్ప ఎవరికీ అక్కర్లేకుండా పోయి చాలా కాలమైంది.

పక్క సీటు ఖాళీగా ఉంటేనే మాట్లాడకుండా ఉండలేని మనిషి, పక్కన కళ్ళున్నది కూర్చుంటే ఊరుకుంటాడా? ఎక్కడిదాకా అని అడిగాడు. యంత్రం ఆయన వైపు తల తిప్పింది. పెదవి విప్పలేదు. కొండమీదికే అయ్యుంటుందిలే అని ఆయనే అనేశాడు. మొదటిసారా అని అడిగాడు. అది ఆయన్ని చూస్తూనే ఉంది. మొదటిసారేలే, లేకపోతే ఈ వంపుల దగ్గర కిటికీలోంచి అలా తొంగిచూడవు అన్నాడు. భయంగా ఉందా అని అడిగి, ఉంటుంది మరి అని తనే ఒప్పుకున్నాడు. లారీ కదిలి, బస్సు కదిలి, రెండు మలుపులు తిరిగేసరికి ఆయన ఆ యంత్రం పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగేశాడు, అన్నిటికీ తనే జవాబులు చెప్పేసుకున్నాడు.

కండక్టరు చూసి చూసి, "మాస్టారూ, దాని వంతు కూడా మీరే మాట్లాడేస్తున్నారు. పాపం అది కూడా టిక్కెట్టు కొనుక్కునే ఎక్కింది" అన్నాడు.

"మూగదేమో అని..."

"మూగది కాదు తాతగారూ," అని వెనకనుంచి మెకానిక్కు అమ్మాయి అందుకుంది. "అవతలి మనిషి మాట అయిపోయిందో లేదో చూసుకుని గానీ అది నోరు తెరవదు. మీ మాట ఇంతవరకూ అయిపోనే లేదు."

ఆయన నవ్వాడు గానీ, ఆ నవ్వు మొహంలో ఎక్కువసేపు నిలవలేదు. ఆయనకి ఆ పూట మనసు మనసులో లేదు. ఆయన వెళ్తున్నదీ ఆ ఆశ్రమానికే. ఆయన భార్య అక్కడే ఉంది. కిందటిసారి వెళ్ళినప్పుడు పెద్ద నర్సు ఆయన్ని వరండాలోకి పిలిచి, నొచ్చుకుంటూనే ఒక మాట చెప్పింది. మీరొచ్చి వెళ్ళిన రోజున అమ్మగారు అన్నం ముట్టడం లేదు, గోడవైపు తిరిగి పడుకుంటున్నారు, కొన్నాళ్ళు రాకుండా ఉంటే ఆవిడకి మంచిదేమో ఆలోచించండి అంది. ఆయన రెండు రోజులుగా అదే ఆలోచించాడు. సరేనని చెప్పడానికే బయల్దేరాడు.

ఆ సరే అనే మాట ఆయన నోట్లో నానుతోంది, బయటికి రావడం లేదు. నోట్లో మాట నానడమనేది ఆయన బతుకులో ఎన్నడూ ఎరగని సంగతి. ఎందుకంటే ఇతరుల నోట్లో నానే మాటల్ని బయటికి లాగడమే ఆయన బతుకుతెరువు.

నాటకాల్లో తెర పక్కన నిలబడి, నటులు మరిచిపోయిన మాట అందించే మనిషి ఒకడుంటాడు. జనానికి కనబడడు, వినబడడు. పేరు పోస్టరు మీద ఉండదు. నాటకం బాగుంటే చప్పట్లు నటుడివి, పాడైతే తిట్లు అతనివి. ప్రపంచంలో ఇలాంటి ఉద్యోగాలు ఇంకా ఉన్నాయి. సభల్లో పెద్దమనిషి పక్కన కూర్చుని మైకు సర్దేవాడు, పెళ్ళిలో ఫోటోలు తీసేవాడు, పడవకి లంగరు దించేవాడు. వాళ్ళు పని సరిగ్గా చేసినంతకాలం వాళ్ళున్నారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. చాటు మాస్టారు మొదట నటుడే కావాలనుకున్నాడు. గొంతు ఉంది, రూపమూ ఉంది. నిలబడవలసిన చోట కాళ్ళే నిలబడేవి కావు. వెలుగులోకి రాగానే మోకాళ్ళు డప్పు వాయించేవి. రాజుగారి సభలో భటుడి వేషం వేస్తే చేతిలో ఈటె గజగజలాడి కిరీటానికి తగిలిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాటక సమాజం పెద్ద ఈయన చెయ్యి పట్టుకుని తెర చాటుకి లాక్కుపోయి, నాటకం ప్రతిని చేతిలో పెట్టి, ఇక నీ కాపురం ఇక్కడ అన్నాడు.

కాపురం కుదిరింది. మాటని గాల్లోకి వదలడం ఎవరికైనా చేతనవును. దాన్ని తీసుకెళ్ళి ఒక మనిషి చెవిలో మాత్రమే పడేయడం, మొదటి వరసలో కూర్చున్నవాడికి కూడా అలికిడి తగలకుండా పడేయడం, అదీ విద్య. గొంతుతో కాదు, ఊపిరితో చెప్పాలి. ఆ విద్య ఆయనకి పట్టుబడింది. పట్టుబడి, వేదిక దిగాక కూడా వదల్లేదు. మంగలి "కాస్త మెడ..." అనగానే "వంచమంటావు" అనేవాడు. టీకొట్టు దగ్గర ఎవడైనా కథ మొదలెడితే ముగింపు ఈయన చెప్పేసేవాడు. ఒక సంతాపసభలో వక్త దుఃఖంతో గొంతు పూడుకుపోయి ఆగితే, మూడో వరసలోంచి ఈయన "ఆయన లేని లోటు" అని ఊపిరితో అందించాడు. వక్త అలవాటులో అందుకున్నాడు కూడా. మనిషి మంచివాడు కాబట్టి ఊరు నవ్వి ఊరుకుంది.

నవ్వి ఊరుకోని మనిషి ఒకతే. ఆ సమాజంలోకి కొత్తగా వచ్చిన నటి. మొదటి ప్రదర్శనలో ఆవిడ ఒక వాక్యం సగంలో ఆగి, దీపంవైపు చూస్తూ ఉండిపోయింది. తెర చాటున ఈయన మరిచిపోయిందనుకుని మాట అందించాడు. ఆవిడ కదల్లేదు. మళ్ళీ అందించాడు. నాటకం అయ్యాక, రంగు కూడా కడుక్కోకుండా సరాసరి ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"మాస్టారూ, నేను మరిచిపోయానని మీకెవరు చెప్పారు?"

ఆగారు కదా అన్నాడు.

"ఆగితే మరిచిపోయినట్టేనా? ఆ ఆగడం నాది. దాని జోలికి రాకండి. నాకు కావలసినప్పుడు నేనే అడుగుతాను. చెవి తమ్మె ఇలా తాకుతాను. తాకితేనే నోరు తెరవండి."

అప్పటినుంచీ వాళ్ళిద్దరికీ అదే కట్టడి. మొదట్లో ఆయనకి అది కత్తిమీద సాములా ఉండేది. ఆవిడ ఆగినప్పుడల్లా నాటకప్రతి అంచు కొరుక్కుంటూ ఆవిడ చేతిని చూసేవాడు. ఆ చెయ్యి చెవి దాకా వెళ్ళిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. ఒక మనిషి చేతిని అంత శ్రద్ధగా, అన్ని రాత్రులు చూశాక ఇక ఆ చెయ్యి పట్టుకోవడం తప్ప ఏం మిగులుతుంది? పెళ్ళయింది. పిల్లలు కలగలేదు. పెళ్ళయ్యాక కూడా ఆవిడ మాస్టారూ అనే పిలిచేది. నాటకాలు తగ్గాయి, సమాజం చెదిరింది, చేతి సంజ్ఞలతో పనిలేని మామూలు కాపురం మొదలైంది. ఆ కాపురంలో ఆయన పాత జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఆవిడ మాట ఆయన పూర్తి చేసేవాడు. ఆవిడ అప్పుడు చకచకా మాట్లాడే మనిషి కాబట్టి గెలుపూ ఓటమీ చెరిసగంగా సాగింది.

తరవాత ఆవిడకి మాటలు తప్పిపోవడం మొదలైంది. మొదట వస్తువుల పేర్లు. తరవాత మనుషులవి. పొద్దున్నే చీర మార్చుకుని రిహార్సలుకి టైమైందని వీధిలోకి నడిచేది. రెండుసార్లు ట్రాఫిక్ మధ్యలోంచి తీసుకొచ్చారు. మూడోసారి ఆవిడ వెనక పరిగెత్తబోయి ఆయన మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అలా ఆశ్రమం తప్పలేదు.

రోజు విడిచి రోజు బస్సెక్కి వచ్చి, ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఆయన తనకి తెలిసిన పనే చేశాడు. ఆవిడ ఒక మాట దగ్గర తడబడితే అందించాడు. తప్పు చెబితే దిద్దాడు. రిహార్సలు అంటే నాటకాలు ఆగిపోయి ఏళ్ళయిందని చెప్పాడు. అమ్మ వస్తుందంటే అమ్మ పోయిందని చెప్పాడు. ఎంతైనా నాటకప్రతి చేతిలో ఉన్న మనిషి, ప్రతిలో ఉన్నట్టే జరగాలనుకుంటాడు. ఆవిడ మాటలు చిన్నవయ్యాయి. తరవాత ఆయన గదిలోకి రాగానే ఆవిడ నోరు మూసుకునేది. జబ్బు ముదిరితే మాట పడిపోతుందని డాక్టరు ముందే చెప్పాడు గనక ఆయన అలాగే అనుకున్నాడు. అయితే ఆయన లేనప్పుడు ఆవిడ తోటమాలితో నాలుగు ముక్కలు మాట్లాడుతుందని ఆయా నోరు జారింది. అది విన్నప్పటినుంచి ఆయనకి నిద్ర పట్టడం లేదు. మాట పోయిందంటే ఓర్చుకోవచ్చు. మాట ఉండి, తనకి మాత్రమే లేదంటే?

బస్సు ఆశ్రమం గేటు దగ్గర ఆగింది. కండక్టరు స్వయంగా చెయ్యి సాయం పట్టి యంత్రాన్ని దింపాడు. బాబూ జాగ్రత్త, కుడికాలు ముందు పెట్టు అని దీవించాడు కూడా. దానికి కాళ్ళు లేవు, చక్రాలే ఉన్నాయి.

లోపల పెద్ద నర్సు యంత్రం కోసం ఎదురుచూస్తోంది. ఎవరి దగ్గర మొదలుపెడదామా అనుకుని, చాటు మాస్టారి మొహం చూసి, అమ్మగారి దగ్గరే మొదలుపెట్టమంది. అన్నట్టు, మూడు వారాలనుంచి ఆవిడ ఎడమచెవి ముట్టుకుంటున్నారని, చెవి డాక్టరు చూసి ఏమీ లేదన్నా ముందుజాగ్రత్తకి చుక్కలు వేస్తున్నామని కూడా చెప్పింది. ఆయన తలూపాడు. ఆయన చెవిలో వేరే మాట గింగిర్లు తిరుగుతోంది. సరే, రాను. సరే, రాను. ఆ రెండు ముక్కలు ఎప్పుడు చెప్పాలా అని చూస్తున్న మనిషికి చుక్కల మందు ఎక్కడ వినబడుతుంది?

మొదటిసారి కాబట్టి గదిలో యంత్రమూ ఆవిడా తప్ప ఇంకెవరూ ఉండకూడదని మెకానిక్కు అమ్మాయి అంది. గుమ్మానికి నీలం తెర ఉంది. ఆ తెర వెనక అమ్మాయీ మాస్టారూ నిలబడ్డారు. తెర అంచు వేళ్ళతో పట్టుకుని, సందులోంచి ఒక కన్నుతో చూడడం ఆయనకి నేర్పవలసిన పని కాదు.

ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఒళ్ళో తువాలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెడుతోంది. యంత్రం చప్పుడు కాకుండా వచ్చి, ఆవిడ కళ్ళకి తన కళ్ళు సమానమయ్యేంత ఎత్తుకి దిగి, నమస్కారమండీ అంది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది.

"నువ్వెవరు? కొత్తగా చేరావా?"

"కొత్తగా వచ్చానండీ. నేను మనిషిని కాదు, యంత్రాన్ని. మీతో కబుర్లు చెప్పుకుందామని వచ్చాను. మీకు ఇష్టమైతేనే."

ఆవిడ ఆలోచించింది. తువాలు మడత పెట్టింది. రిహార్సలుకి టైమైంది, ఎక్కువసేపు కూర్చోలేను అంది. తెర చాటున మాస్టారి పెదవులు కదిలాయి. నాటకాలు ఆగిపోయి ఏళ్ళయింది అని చెప్పడానికి ఊపిరి కూడా తీసుకున్నాడు. ఇంతలో యంత్రం, రిహార్సలంటే మీకు ఇష్టమా, అక్కడ ఏం జరిగేది అని అడిగి ఊరుకుంది.

ఆ ఊరుకోవడం మామూలు ఊరుకోవడం కాదు. మనుషులం ఊరుకున్నా, మన కళ్ళు తొందరపెడతాయి, మన వేళ్ళు గడియారం తడుముతాయి, మన మోకాలు ఊగుతుంది. ప్రపంచంలో ఓపికకి పేరుపడ్డవాళ్ళని ఎందర్ని చూసినా, వాళ్ళ ఓపిక వెనక ఎక్కడో ఒక చిన్న దగ్గు పొంచి ఉంటుంది. దీనికి దగ్గు లేదు. వెళ్ళవలసిన ఊరు లేదు. అది ఆవిడ మొహం వైపు చూస్తూ, రెప్ప వేస్తూ, ఉంది.

ఆవిడ మొదలుపెట్టింది. "ఒకసారి... దీపాలన్నీ పోయాయి. ఆట మధ్యలో. చీకటి. నేను ఆపలేదు. చీకట్లోనే..." కొంత ఆగి, మళ్ళీ. "అప్పుడు ఒకాయన వచ్చాడు. చేతిలో..."

ఆ కథ ఎవరిదో మాస్టారికి తెలియకుండా ఎలా ఉంటుంది? కరెంటు పోయిన రాత్రి, జనం లేచి వెళ్ళిపోతుంటే, తెర చాటునుంచి వెలుగు పట్టుకుని వేదిక మీదికి వచ్చింది ఆయనే. మోకాళ్ళు డప్పు వాయిస్తూనే ఉన్నాయి. జనం అది నాటకంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన బతుకులో అందుకున్న చప్పట్లు అవొక్కటే. ఆవిడ ఆ కథ ఎప్పుడు చెప్పినా లాంతరు అనేది. ఆయన ఎప్పుడూ దిద్దేవాడు. లాంతరు కాదే, టార్చి. ఏళ్ళ తరబడి ఆ ఒక్క ముక్క మీద వాదులాడుకున్నారు.

"చేతిలో..."

"టార్చి," అన్నాడు మాస్టారు. అనాలని అనలేదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. గదిలో యంత్రానికైనా వినబడిందో లేదో గానీ, పడవలసిన చెవిలో గురి తప్పకుండా పడింది. ముసలాయన విద్య తుప్పు పట్టలేదు.

ఆవిడ భుజాలు ముడుచుకున్నాయి. నోరు మూసుకుంది. తువాలు నేల మీదికి జారింది. అచ్చం ఆయన మంచం పక్కన కూర్చున్నప్పుడు మూసుకున్నట్టే.

మెకానిక్కు అమ్మాయి ఆయన మోచెయ్యి పట్టుకుంది. కోపంగా ఏమీ లేదు. ఆయన చెవి దగ్గర, "తాతగారూ, ఆవిడ దగ్గర మాట లేక ఆగలేదు. దారిలో ఉండి ఆగారు. మీరు వెళ్ళి దారికి అడ్డం నిలబడ్డారు" అంది. కొత్త యంత్రాలు మొదట్లో ఇలాగే టపటపా జవాబు చెప్పేవని, పెద్దవాళ్ళు వాటి ముందు బడిపిల్లల్లా ముడుచుకుపోయేవారని, ఆ తప్పు చేసిన వాళ్ళలో తనూ ఉన్నానని, అందుకే దీనికి ఆగడం నేర్పామని గుసగుసగా చెప్పుకొచ్చింది. తన సొంత అమ్మమ్మ దగ్గర మాత్రం ఇప్పటికీ ఆగలేకపోతున్నానంది.

ఆయన మఫ్లరు కొస తీసి నోట్లో కుక్కుకున్నాడు.

గదిలో యంత్రం ముందుకి వంగి, తువాలు తీసి, ఆవిడ ఒళ్ళో పెట్టింది. మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పండి, నేను ఇక్కడే ఉంటాను అంది. ఆ తరవాత మళ్ళీ ఆ ఊరుకోవడం. కిటికీ బయట తోటమాలి ఎండుటాకులు పోగేస్తున్న చీపురు చప్పుడు. పక్కగదిలో ఎవరో దగ్గారు. మాస్టారి నోట్లో మఫ్లరు తడిసింది. ఇన్నేళ్ళ వృత్తిలో ఆయన ఇంత మౌనాన్ని భరించి ఎరగడు. వేదిక మీద ఇంత ఖాళీ వస్తే ఆ రాత్రే ఉద్యోగం ఊడేది.

"చీకటి," అంది ఆవిడ. "నాకు భయం లేదు. ఆయనకే భయం." చిన్నగా నవ్వింది. "కాళ్ళు వణుకుతున్నాయి. అయినా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తనే వచ్చాడు. చేతిలో... వెలుగు... చేతిలో..."

ఆగింది. చూపు గోడ మీదికి వెళ్ళి వచ్చింది. పెదవులు ఒక ఆకారం పట్టబోయి వదిలేశాయి. మాస్టారు మఫ్లరుని పళ్ళతో పట్టుకున్నాడు. ఆవిడ ఎడమచెయ్యి తువాలు వదిలి, మెల్లగా లేచి, చెవి తమ్మె తాకింది.

చెవి నొప్పిగా ఉందాండీ అని యంత్రం మృదువుగా అడిగింది.

"కాదు," అని ఆవిడ తెరవైపు చూసింది. చెయ్యి చెవి దగ్గరే ఉంది.

మూడు వారాలనుంచి ఆ చెయ్యి అడుగుతోంది. తను మంచం పక్కన కూర్చుని అడగని మాటలన్నీ గుప్పిస్తుంటే చెవి దాకా లేవడానికి దానికి సందు దొరకలేదు. తను వెళ్ళిపోయాక, ఎవరూ లేని గదిలో, మనిషిలేని తెర వైపు అడిగి ఉంటుంది. జవాబుకి బదులు చుక్కల మందు పడింది. ఇది మాస్టారికి వరసగా తట్టలేదు. ఒక్క దెబ్బకి మోకాళ్ళలో తెలిసింది. అవి డప్పు మొదలుపెట్టాయి.

మఫ్లరు నోట్లోంచి తీశాడు. పంచప్రాణాలూ కూడదీసుకుని ఊపిరి సర్దుకున్నాడు. ఏ మాట అందించాలి? ప్రతి ప్రకారమైతే టార్చి. ఆ రాత్రి తన చేతిలో ఉన్నది టార్చే. ఉన్నదా? ఇన్నేళ్ళ తరవాత ఎవరు చూశారు గనక. చీకట్లో ఆవిడ చూసింది, ఆవిడ చూసింది లాంతరు.

"లాంతరు," అని అందించాడు.

ఆవిడ చెయ్యి కిందికి దిగింది. "ఆఁ, లాంతరు. లాంతరు పట్టుకొచ్చాడు. నేను ఆ వెలుగులో మొత్తం ఆట ఆడాను" అంది యంత్రంతో, ఒక్క తడబాటు లేకుండా. చివరిదాకా చెప్పి, తెరవైపు తిరిగింది.

"మాస్టారూ, ఎంతసేపు అక్కడ నిలబడతారు? కాళ్ళు నొప్పెట్టవూ?"

ఆయన తెర తీసుకుని లోపలికి వచ్చాడు. వెలుగులోకి రావడం ఆయనకి ఇప్పటికీ చేతకాదు. కిటికీ దాకా వచ్చి తట్టుకుని యంత్రం భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అది కదలకుండా ఆసరా ఇచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, భార్య వైపు చూసి, ఏదో చెప్పబోయి మానుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఎవరైనా తక్కువ మాట్లాడారంటే అది ఆయనే. యంత్రం ఆయనకంటే ఎక్కువే మాట్లాడింది.

అలాగని అన్నీ చక్కబడిపోయాయని కాదు. కాసేపటికి ఆవిడ ఆయన్ని పట్టుకుని మీరు ఏ ఊరినుంచి వచ్చారండీ అని అడిగింది. ఇంకాసేపటికి అమ్మ ఇంకా రాలేదేమంది. అమ్మ ఎలా ఉంటుంది అని ఆయన అడిగాడు, యంత్రం దగ్గర అప్పుడే నేర్చుకున్న పాఠం కొత్త చెప్పుల్లా కరుస్తుంటే. ఆవిడ చెప్పింది. ఆయనకి అత్తగారి గురించి అన్నేళ్ళలో తెలియని సంగతి ఒకటి తెలిసింది. ఆవిడకి ఈలవెయ్యడం వచ్చట.

అన్నం వేళకి పెద్ద నర్సు పళ్ళెం తెచ్చి, ఆయన ఉన్నాడని చూసి గుమ్మంలోనే ఆగింది. ఆయన భార్య పళ్ళెం అందుకుని తినడం మొదలుపెట్టింది. నర్సు కళ్ళు పెద్దవయ్యాయి. మాస్టారు నర్సుని పక్కకి పిలిచి, చెవిలో చుక్కలు ఆపెయ్యమన్నాడు. ఆ చెయ్యి లేస్తే ఏమిటో, అప్పుడు ఏం చెయ్యాలో, లేవకపోతే ఏం చెయ్యకూడదో వివరించాడు. నర్సు తనే తప్పుచేసినట్టు మొహం పెడితే, మీకు తెలిసే దారి లేదమ్మా, తెలియవలసినవాణ్ణి నేను, నేనే మాటల మూటతో అడ్డంగా కూర్చున్నాను అన్నాడు.

"మరి ఎల్లుండి వస్తారా?" అని నర్సు అడిగింది.

ఆయన రెండు రోజులుగా నోట్లో నానబెట్టుకుని తెచ్చిన మాట అలాగే మింగేశాడు. ఎల్లుండి ఏం ఖర్మ, రేపే వస్తానన్నాడు.

సాయంత్రం మెకానిక్కు అమ్మాయి యంత్రాన్ని అక్కడే వదిలి, వైర్ల సంచీ సర్దుకుని బయల్దేరింది. ఆశ్రమంలోవాళ్ళు అప్పటికే దానికి నిదానం అని పేరు పెట్టేశారు. వంటావిడ దాన్ని పిలిచి కూర రుచి చూడమంది. అది చాలాసేపు ఆలోచించి, రుచి చూసే యోగం నాకు లేదండీ, మీరు చెబితే వింటాను అందట. ఆవిడ పొయ్యి కట్టేసి మరీ చెప్పిందట.

గేటు దగ్గర బస్సు వచ్చి హారను కొట్టింది. అదే బస్సు, అదే కండక్టరు. మెకానిక్కు అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. తోట బాటలో చాటు మాస్టారూ ఆయన భార్యా పక్కపక్కన నడుస్తున్నారు. ఆయన కర్ర ఒకవైపు, ఆవిడ చెయ్యి ఒకవైపు. బస్సు వచ్చింది తాతగారూ, వెళ్దామా అని కేకేసింది. కండక్టరు మెట్టు మీంచి, మాస్టారు లేకపోతే దారంతా నిశ్శబ్దమేనమ్మా, నిద్రొస్తుంది అన్నాడు.

మాస్టారికి రెండూ వినబడ్డాయి. చెవులు ఎప్పుడూ ఆయనకి సమస్య కాదు. కానీ అప్పుడే ఆవిడ ఆగింది. ఎండుటాకుల కుప్ప వైపు చూస్తూ, "అక్కడ ఒక..." అని ఆగింది. నువ్వెళ్ళిరామ్మా అని అనడానికి ఒక ఊపిరి చాలు. ఆ ఊపిరి వదిలితే దాని మీద ఆవిడ మాట ఎటు కొట్టుకుపోతుందో ఎవరు చెప్పగలరు? ఇంకో బస్సు ఉంది. ఆయన తల తిప్పలేదు, చెయ్యి ఎత్తలేదు. ఆవిడ ఎడమచేతిని ఒక కంట కనిపెడుతూ నిలబడ్డాడు.

చెయ్యి లేవలేదు. ఆవిడ మళ్ళీ నడక మొదలుపెట్టింది, మాట ఇంకా వెతుక్కుంటూనే. ఆయన కర్ర ఆనించి, ఆవిడ అడుగుకి అడుగు కలిపి, ఆకుల కుప్ప దాటి, వంటిల్లు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.